న్యాయవాది ధర్మము - పౌరుని స్వేచ్ఛ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

25 సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును ఆరనీయక కాపాడుచున్న మీకు నా హృదయపూర్వక అభినందనములు. న్యాయవాదులను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ప్లీడరు అన్నంతనే మనకు స్ఫురించునవి వాయిదాలు, ఫీజులు, గట్టు తగాదాలు. వ్యాజ్యములో ఓడినవాడు కోర్టులో ఏడ్చిన, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెనను సామెత ఊరక పుట్టలేదు. అయినను ఆ వృత్తికి మరియొక ముఖము కలదు. ప్రభుత్వమే ఒక కక్షియై, ఒంటరి పౌరుడు రెండవ కక్షియై నిలిచినప్పుడు ఆ ముఖము కనబడును.

ఏలువాని మాటయే చట్టమగుట నిరంకుశత్వము. ఏలువాడు సైతము చట్టమునకు లోబడుట చట్టబద్ధ పాలనము. కాని చట్టగ్రంథము తానై లేచి మాటలాడదు. దానిని చేతబట్టి, అధికారము ఎదుట నిలిచి, చదివి వినిపించువాడొకడు కావలెను. ఆతడే న్యాయవాది.

పరప్రభుత్వ కాలమున టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1921లో ధారాళముగా నడచుచున్న ప్రాక్టీసును త్యజించి ఉద్యమమున ప్రవేశించిరి. నాడు కోర్టును విడుచుట త్యాగము. మనకు మన రాజ్యాంగము వచ్చిన పిమ్మట కోర్టులో నిలిచి పోరాడుటయే కర్తవ్యమైనది. దానికి పరీక్షాకాలము 1975లో వచ్చెను.

ఆ సంవత్సరము జూన్ 25 రాత్రి దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిపక్ష నాయకులును, సామాన్య కార్యకర్తలును విచారణ లేకయే ఆంతరంగిక భద్రతా చట్టము క్రింద నిర్బంధింపబడిరి. జూన్ 27న రాష్ట్రపతి ఉత్తరువు వెలువడి, రాజ్యాంగములోని 14, 21, 22 అధికరణముల హక్కుల కొరకు కోర్టుకు పోవు మార్గమును మూసివేసెను. ఆ దినములలోనే ఫాలీ నారిమన్ అదనపు సొలిసిటర్ జనరల్ పదవికి రాజీనామా ఇచ్చెను. నానీ పాల్కీవాలా ప్రధానమంత్రి ఎన్నిక కేసులో తాను స్వీకరించిన వకాల్తాను వదలుకొనెను. బార్ కౌన్సిల్ అధ్యక్షుడైన రాం జెఠ్మలానీపై అరెస్టు వారంటు రాగా, బొంబాయి హైకోర్టులో ఆయన పక్షమున పాల్కీవాలా నాయకత్వమున 300 మందికి పైగా న్యాయవాదులు హాజరైరి.

హెబియస్ కార్పస్ అనునది మిక్కిలి సులభమైన కోరిక. "పట్టుకొనిపోయిన మనిషిని కోర్టు ఎదుటికి తెండు, ఏ చట్టము ననుసరించి పట్టితిరో చెప్పుడు" అని అడుగుట మాత్రమే. అత్యవసర కాలమునందైనను ఈ ప్రశ్న అడుగవచ్చునని తొమ్మిది హైకోర్టులు తీర్పు చెప్పినవి. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. జబల్పూరు అదనపు జిల్లా మేజిస్ట్రేటు కేసుగా అది ప్రసిద్ధము. శాంతి భూషణ్, తార్కుండే, సోలీ సొరాబ్జీ మున్నగువారు నిర్బంధితుల పక్షమున వాదించిరి. పోలీసు అధికారి యొకడు స్వంత కక్షతో మనిషిని చంపినను దిక్కు లేదా యని జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నా ప్రశ్నింపగా, అత్యవసర స్థితి ఉన్నంతవరకు లేదని అటార్నీ జనరల్ బదులు చెప్పెను.

1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చెను. అయిదుగురిలో నలుగురు ప్రభుత్వ పక్షమున నిలిచిరి. ఖన్నా ఒక్కరే విభేదించిరి. 1977 జనవరిలో ఆయనను దాటి ఆయనకంటె చిన్నవాడైన న్యాయమూర్తిని ప్రధాన న్యాయమూర్తిగా నియమింపగా, ఆయన పదవిని విడిచిపెట్టిరి.

మరి న్యాయవాదుల శ్రమ వృథాయైనదా? కాలేదు. వాదము లేనిదే తీర్పు లేదు. విభేదించు తీర్పును లేదు. నాడు ఓడిన వాదమే 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణలో చోటుచేసికొనెను. ఇప్పుడు అత్యవసర స్థితిలో సైతము 21వ అధికరణము నిచ్చిన ప్రాణ స్వేచ్ఛలకై కోర్టుకు పోవు మార్గమును మూయుటకు వీలులేదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 1976 నాటి తీర్పును కొట్టివేసెను. నాటి నలుగురిలో ఒకరైన వై. వి. చంద్రచూడ్‌గారి కుమారుడే ఆ విషయమును తన తీర్పులో వ్రాసిరి. కాని 1976లో చెరలో మ్రగ్గినవానికి 2017 నాటి తీర్పు ఏమి మేలు చేయగలదు? ఆలస్యమైన న్యాయమునకు ఎవరో ఒకరు తమ జీవితముతో వెల చెల్లింపవలసియుండును.

మన హైదరాబాదున కె. జి. కన్నబిరాన్ ఆ కాలమున నిర్బంధితుల పక్షమున వాదించిరి. పిమ్మట పౌరహక్కుల సంఘమునకు అధ్యక్షులై చాలకాలము సేవచేసిరి. కక్షిదారు అభిప్రాయమును ఒప్పుకొనుట వేరు, ఆతని హక్కును కాపాడుట వేరు. ఈ భేదమును ఎరుగక "అట్టివానికి వకీలేల?" అని అడుగుట మనలో పెక్కురకు అలవాటు. నేడు పొరుగువానికి వకీలు వలదన్న నోరు రేపు తనకు వకీలు కావలెనని ఏ మొగముతో అడుగును? నిరంకుశునికి వత్తాసు పలికిన న్యాయవాదులును ఉన్నారు. కావున నల్లకోటును చూచి గౌరవింపవలదు. ఆ కోటు ఎవరి పక్షమున లేచి నిలిచినదో చూడుడు.

కడపటగా ఒక విన్నపము. అరెస్టయినవానిని, ప్రయాణకాలము పోగా, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు, తాను కోరిన న్యాయవాదిని సంప్రదించు హక్కు ఆతనికి కలదనియు 22వ అధికరణము చెప్పుచున్నది. 1987 నాటి చట్టము ననుసరించి స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో ఉన్నవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. ఈ సంగతి తెలియకనే ఎందరో నష్టపోవుచున్నారు. మన గ్రంథాలయమున పురాణముల ప్రక్కన, నవలల ప్రక్కన, తెలుగు రాజ్యాంగ ప్రతి యొకటి అందరికి అందునట్లు ఉంచుడు. వారమునకొక దినము చదువరాని వారికి చదివి వినిపింపుడు. హక్కు నెరిగిన గ్రామమునకు న్యాయవాది తోడగును. ఎరుగని గ్రామమునకు ఎంతటి న్యాయవాదియు ఆలస్యముగనే చేరును.