గౌరవానికి రెండు ఔత్వాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా అని కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒకే ఒక్క గుణింతపు గుర్తు గురించి చెబుతాను. అదీ మనది కాదు, మలయాళానిది. ఔత్వం.

మలయాళంలో కొన్ని గుణింతపు గుర్తులు హల్లుకు ఎడమవైపు వస్తాయి. పాత రాతలో ఔత్వానికి రెండు ముక్కలు. ఎడమవైపు ఎత్వం, కుడివైపు ఇంకో గుర్తు, నడుమ హల్లు. నేటి రాతలో ఎడమ ముక్క పోయి కుడివైపుది ఒక్కటే మిగిలింది. పలుకు మాత్రం మారలేదు. ‘గౌరవం’ అనే మాట మలయాళంలోనూ ఉంది. అక్కడ దానికి గాంభీర్యం, తీవ్రత అనే అర్థం ఎక్కువ. దాన్ని పాత పద్ధతిలో రాసినా కొత్త పద్ధతిలో రాసినా మలయాళీలు తడుముకోకుండా చదివేస్తారు.

కంప్యూటర్ అలా చదవదు. దానికి తెలిసింది అంకెలను పోల్చడమే. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్, మన భాషల విషయంలో 1988 నాటి ఇస్కీ పట్టికను ఆధారం చేసుకుంది. అందులో భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస. అందుకే తెలుగు ఔత్వం సంఖ్య 3148 అయితే మలయాళ ఔత్వానిది 3404. తేడా సరిగ్గా 256. ‘క’కు చూసినా అదే తేడా.

అయితే ఈ 3404 పాత రాతలోని రెండు ముక్కల ఔత్వం. దాని కుడి ముక్కకు విడిగా 3415 ఇచ్చి, ‘ఔ దీర్ఘ చిహ్నం’ అని పేరు పెట్టారు. ఎత్వం 3398, ఈ ముక్క 3415 పక్కపక్కన వస్తే 3404తో సమానమని ప్రమాణమే చెబుతుంది. కానీ ఇవాళ్టి మలయాళంలో 3415 ఒక్కటే పూర్తి ఔత్వం. అది 3404తో సమానమని ప్రమాణం చెప్పదు. గౌరి అనే అమ్మాయి పేరు ఒక జాబితాలో ఒక విధంగా, మరో జాబితాలో మరో విధంగా ఎక్కిందనుకోండి. ప్రోగ్రాం రాసినవాళ్లు ముందుగా చెప్పి ఉంచకపోతే, ఆ పేరు గలవారు లేరంటుంది యంత్రం. మనిషి ఎదురుగా ఉన్నా సరే.

మరి సరిదిద్దవచ్చు కదా అంటారు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను, పేరును మార్చకూడదని యూనికోడ్ నియమం. మారిస్తే ఇదివరకు దాచుకున్న రాతలకు భరోసా ఉండదు. కాబట్టి బాధ్యత వాడేవాళ్ల మీదే పడింది. రాసినదాన్ని రాసినట్టే ఉంచాలి, వెతికేటప్పుడు మాత్రం రెండింటినీ ఒకటిగా చూడాలి.

మన సంగతి చూద్దాం. ‘కై’లో పైన ఎత్వం, కింద ఇంకో ముక్క. 3142, 3158 కలిస్తే 3144తో సమానమని ప్రమాణంలోనే ఉంది కనుక అక్కడ పేచీ లేదు. మన చిక్కు పొల్లుతో. ‘శేఖర్’ అని టైపు చేస్తే, కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత కంటికి కనిపించని 8204 అనే గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెరమీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. పోల్చి చూస్తే వేర్వేరు.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, యాభై ఏళ్ల ప్రవేశ రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని మన సంఘం తలపెట్టింది. ఆ పుటల్లో గురువులు స్వదస్తూరీతో రాసిన పేర్లున్నాయి. వాటిని రాసినవి రాసినట్టే ఎక్కిద్దాం. వెతకడానికి, కనిపించని గుర్తులు తీసేసిన ప్రతిని వేరుగా ఉంచుకుందాం. యంత్రం ‘లేరు’ అన్నప్పుడు ఒకరు పాత పుస్తకం తెరిచి చూడాలనే నియమం పెట్టుకుందాం. ఊరు విడిచి వెళ్లిన ఒక సహాధ్యాయి పుట్టిన తేదీకి ఆధారం ఆ ఒక్క వరుసే కావచ్చు.

హాజరు పిలిచేటప్పుడు మన గురువులు ఏ ఒక్క పేరునూ దాటవేయలేదు. మనమూ దాటవేయకుండా ఉందాం. సెలవు.