హైవేలో చలానా వస్తే



చిలకలూరిపేట మీదుగా ఒంగోలు పోయే హైవేలో వేగం మీరితే స్పీడ్ గన్ పట్టేస్తుంది, చలానా ఫోనుకే వస్తుంది. మొదటిసారికి 400 రూపాయల దాకా ఉండిన జరిమానా, 2019 చట్ట సవరణతో కారుకు కనీసం 1,000 అయింది.

కంగారుపడి మధ్యవర్తి చేతిలో డబ్బు పెట్టకూడదు. వాట్సాప్‌లో వచ్చిన చలానా ఫైలు తెరిస్తే బ్యాంకులో ఉన్నదీ పోవచ్చు. ప్రభుత్వ ఈ-చలానా సైటులో బండి నెంబరు కొట్టి ఫోటో, తేదీ, చోటు చూసుకుందాం. బండి మనది కాకుంటే ఫిర్యాదు చేద్దాం. మనదైతే కట్టి రసీదు దాచుకుందాం. అమ్మిన బండికి పేరు మార్పించకుంటే, కొన్నవాడి వేగానికి చలానా మన పేరనే వస్తుంది.

మిర్చి సీజనులో టిక్కీల ట్రాక్టర్లు వెనుక దీపం లేకుండా పోతుంటాయి. జరిమానా డబ్బు మళ్ళీ సంపాదించుకోగలం. పిల్లలకు బండి తాళం ఇచ్చే ముందు ఈ సంగతి చెబుదాం.