దగ్గుకు చేయి సాయం

 

ఈరోజు పుస్తకం కాసేపు పక్కన పెడదాం. ఊపిరి గురించి మాట్లాడుకుందాం. మన ఫిల్మ్ నగర్ బస్తీలో ఎత్తు ఎక్కి పని చేసేవాళ్లు చాలామంది. సినిమా సెట్లు వేసే వడ్రంగులు, రంగులు వేసేవాళ్లు, లైట్లు కట్టేవాళ్లు, ఫైటర్లు. పక్కనే జూబ్లీహిల్స్‌లో మేడలు కట్టే కూలీలు. కాలు జారితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

మన రాత్రి బడికి వచ్చే ఒక అక్క సంగతి చెబుతాను. పేరు చెప్పొద్దంది. ఆమె పెనిమిటి సెట్టుకు కట్టిన కర్రల మీది నుంచి పడ్డాడు. మెడ కింది భాగంలో వెన్నుపాము దెబ్బతిన్నది. ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది. ఇంటికి పంపించారు. ఊపిరి సంగతి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఒక రాత్రి ఆయన గొంతులో గురగుర మొదలైంది. తెమడ అడ్డుపడింది. దగ్గుదామంటే దగ్గు రాదు. అక్క నన్ను పిలిచింది. నేనేమో అన్నీ తెలిసినదానిలాగా దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాను. ఆయనకు దమ్ము ఇంకా ఎక్కువైంది. 108కి ఫోన్ చేశాం. బండి సమయానికి వచ్చింది, బతికాడు. టీచర్ ట్రైనింగ్ చేశాను గానీ ఈ చదువు నాకు లేదు. తర్వాత అక్కతో పాటు నేనూ వెళ్లి, కసరత్తులు నేర్పే ఫిజియోథెరపీ మేడం దగ్గర నేర్చుకున్నాను.

ఊపిరితిత్తులు వాటంతట అవి ఉబ్బవు. రొమ్ముకూ పొట్టకూ నడుమ గొడుగులాంటి కండ ఒకటి ఉంది. అది కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది. ఆ కండకు నరాలు మెడలోంచి వస్తాయి. పక్కటెముకల కండలకు, పొట్ట కండలకు నరాలు ఇంకా కిందనుంచి, వీపు భాగం నుంచి వస్తాయి. అందుకే మెడ కింది భాగంలో దెబ్బ తగిలితే గొడుగు పని చేస్తుంది, పొట్ట పని చేయదు. ఇప్పుడు పొట్ట మీద చేయి పెట్టి దగ్గండి. గట్టిపడింది కదూ? ఆయనకు పోయింది ఆ బలమే. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. తెమడను బయటికి తోసే బలం లేదు. తెమడ లోపలే ఉండిపోతే నిమోనియా వస్తుంది. ఇలాంటివాళ్ల ప్రాణం తీసే జబ్బుల్లో అది ముఖ్యమైనది.

మరి కూర్చోబెడితే ఎందుకు ఎక్కువైంది? బలం లేని పొట్ట ముందుకు జారుతుంది. గొడుగు కిందికి దిగిపోతుంది, ఇక కదలడానికి చోటుండదు. వెల్లకిలా పడుకుంటే పొట్ట దాన్ని పైకి నెడుతుంది. ఇలాంటివాళ్లలో చాలామందికి పడుకుంటేనే ఊపిరి సులువు. కూర్చున్నప్పుడు పొట్టకు బెల్టు కడితే మేలు, డాక్టరు చెబితేనే. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఈ మాట వర్తించదు, కలపకండి.

ఇక చేయి సాయం. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి. బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద, చేయి మీద చేయి పెట్టాలి. ఎముక మీద పెట్టకూడదు. ఆయన నిండుగా ఊపిరి పీల్చాలి. "ఒకటి, రెండు, మూడు" అనగానే ఆయన దగ్గాలి. అదే క్షణంలో మీరు లోపలికీ పైకీ నెట్టాలి. తిన్న వెంటనే వద్దు. పక్కటెముక విరిగి ఉంటే, పొట్టకు ఆపరేషన్ అయి ఉంటే, మెడ ఇంకా కుదురుకోకపోతే అసలే వద్దు. డాక్టరును అడిగి, ఒకసారి చూపించుకుని చేయాలి. నా మాట విని రేపే మొదలుపెట్టకండి!

మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఆస్పత్రిలో ఇస్తారు. అందులో ఊదకూడదు, పీల్చాలి. అక్క పెనిమిటి వారం రోజులు ఊదాడట. బీడీ పొగ ఆ గదిలోకి రానివ్వకూడదు.

సినిమా హీరోకైనా ఇదే కష్టం. 'సూపర్‌మ్యాన్' వేషం వేసిన క్రిస్టఫర్ రీవ్ 1995లో అమెరికాలో గుర్రం మీంచి పడ్డాడు. మెడలో పై పూసల దగ్గరే దెబ్బ. గొడుగు కండ కూడా ఆగిపోయింది. మిషన్‌తో ఊపిరి. మిషన్ తీసి కొంత కొంతసేపు సొంతంగా పీల్చడం సాధన చేశాడు. 2003లో ఆ కండకు సన్నని కరెంటు తీగలు అమర్చారు. 2004లో చనిపోయాడు. ఆయనకు రాత్రింబగళ్లు నర్సులు ఉండేవారు. మన అక్క పొద్దున నాలుగిళ్లలో అంట్లు తోమి వచ్చి ఇవన్నీ చేస్తుంది.

ఆమె గోడకు నోటుబుక్కు కాగితం అంటించింది. 6, 8, 10 అని పక్కకు తిప్పిన టైములు. పక్కనే తెమడ రంగు. పోయిన నెల రెండు రోజులు వరుసగా 'పసుపు' అని రాసి ఉంది. మూడో రోజు పనులు మానేసి ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు ఆ కాగితం అడిగి తీసుకుని చూశారు. నిమోనియా మొదట్లోనే దొరికింది.

పెదవులు నీలమైనా, ఊపిరి వేగమైనా, మనిషి మగతగా పడి ఉన్నా కాగితం చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 108.

ఆ కాగితం ఎలా గీయాలో ఆదివారం అక్కే వచ్చి చూపిస్తానంది. పెన్సిలు, స్కేలు తెచ్చుకోండి.