సర్వే పట్టికలో మన వరుస

ఫీజులు పంచే రోజున ఎన్నికల సర్వేల మాట ఎందుకని కార్యదర్శి గారు మొహమాటంగానే అడిగారు. కారణం ఉంది.

2023 డిసెంబరులో అసెంబ్లీ ఫలితాలు వచ్చిన వారం, మన దాత ఒకరు వాట్సాప్‌లో ఒక పట్టిక పంపారు. ముస్లింలు ఇంత శాతం ఫలానా పార్టీకి వేశారని అందులో ఉంది. "మాస్టరుగారూ, ఆ బస్తీ వాళ్ళు అమ్ముడుపోయారు, వాళ్ళ పిల్లల ఫీజుకు నా డబ్బు వాడకండి" అన్నారు. పెద్దమనిషి, ఎదురు చెప్పలేకపోయాను. కానీ లెక్కలు చెప్పుకొని బతికేవాణ్ణి కదా, రాత్రి ఆ పట్టిక ముందు పెట్టుకొని కూర్చున్నాను.

ఈవీఎంలో మతం బటన్ లేదు. ఎన్నికల సంఘం ఇచ్చే ఫారం 20లో ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది, ఎవరు వేశారో ఉండదు. నేను ఎవరికి వేశానో మా ఇంట్లోవాళ్ళకే తెలియదు. కాబట్టి పట్టికలోని శాతం ఓట్లు లెక్కపెట్టి తేల్చింది కాదు, కొందరిని అడిగి కట్టిన అంచనా.

అడగడం తప్పేమీ కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. దమ్ బిర్యానీ దేగ్ అయితే గరిటె అడుగుదాకా దించాలి, అన్ని పొరలూ చూడాలి. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చినా రూజ్వెల్ట్ ఓడిపోతారని రాసింది. ఆయన భారీగా గెలిచారు. ఆ పత్రిక చిరునామాలు చాలావరకు ఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాల్లోంచి తీసుకుంది. మన దగ్గర పగటిపూట తలుపు తడితే జీడిమెట్ల ఫ్యాక్టరీలకు షిఫ్టుకు వెళ్ళినవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

ఇక అసలు లెక్క. 1000 మందిని సరిగ్గా ఎంచి అడిగితే జవాబు 3 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో మనం సుమారు 12.7 శాతం. అంటే ఆ 1000 మందిలో మనవాళ్ళు 127 మంది. అంతమందికే అయితే తేడా దాదాపు 9 శాతం అటూ ఇటూ. పట్టికలో 50 అని ఉంటే అసలుది 41 కావచ్చు, 59 కావచ్చు. అందులో మళ్ళీ యువతులు అని విడదీస్తే మిగిలేది ఓ ఇరవై మంది, ఒక ఆటోస్టాండులో నిలబడేంత మంది. ఆ ఎన్నికలో కాంగ్రెస్‌కు 39.4 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం వచ్చాయి. అంత తక్కువ తేడాతో తేలిన పోటీ అది. ఎంతమందిని అడిగారన్నది పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ముందు కత్తిరించేది దాన్నే.

వరుసల పేర్లూ చూడాలి. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన కులగణనలో బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు విడిగా 10.08 శాతం. మన దూదేకుల సోదరుణ్ణి సర్వేవాళ్ళు ఏ వరుసలో రాశారో చెప్పకపోతే బీసీల అంకే మారిపోతుంది, మన అంకే మారిపోతుంది.

పైగా అది రాష్ట్రం మొత్తానికి. ఆ ఏడాది 119 సీట్లలో 64 కాంగ్రెస్ గెలిచింది; హైదరాబాద్ జిల్లా 15 సీట్లలో ఒక్కటీ రాలేదు. మన కుత్బుల్లాపూర్‌లో గెలిచింది బీఆర్ఎస్. రాష్ట్రపు వరుసను పట్టుకొని గాజులరామారంలో ఒక బస్తీ మనసు చెప్పడానికి దారే లేదు.

ఇదంతా ఆ దాత గారికి కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు చూశారు. "మరి నువ్వెవరికి వేశావు మాస్టరూ?" అన్నారు. చెప్పలేదు.

ఆ బస్తీ పిల్లల జాబితా ద్వారం దగ్గరి బల్ల మీద ఉంది. అందులో ఒక్కరికీ ఓటు వయసు రాలేదు. ఇద్దరికి ఇంటర్ పరీక్ష ఫీజు ఈ వారంలోనే కట్టాలి.