కంటి ఇంజెక్షనుకు గడువు తప్పరాదు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. 33 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. కంటిలో ఇంజెక్షను చేయించుకున్నవారు ఎవరైనా మాట్లాడితే బాగుంటుందని కార్యదర్శిగారు అంటే ఒప్పుకున్నాను. నా ఎడమ కంటికి ఇప్పటికి 14 అయ్యాయి. ఈ శాఖలోనూ నాకు కొంత సర్వీసు ఉన్నట్టే.

ముందు జబ్బు సంగతి. కంటి లోపల వెనుక గోడకు రెటీనా అనే పలచటి పొర ఉంటుంది. దాని నడిమధ్య చిన్న చోటును మాక్యులా అంటారు. అక్షరం చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, ఎదురుగా వచ్చే మనిషి ముఖం పోల్చుకోవాలన్నా ఆ చోటే ఆధారం. వయసు మీద పడ్డాక కొందరికి అది చెడుతుంది. పొడి రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. తడి రకంలో రెటీనా కింద ఉండకూడని రక్తనాళాలు పుట్టుకొచ్చి, వాటిలోంచి నీరు, రక్తం ఊరుతాయి. వారాల్లో, నెలల్లో చూపు నడిమి భాగం పోతుంది. పక్కచూపు మిగులుతుంది గనుక మనిషి ఇంట్లో మామూలుగానే తిరుగుతుంటాడు. శుక్లం ముదిరిందేమో, పండగ వెళ్లాక చూపిద్దాంలే అనుకుంటారు. ఇక్కడే కాలం పోతుంది.

ఇంకొక చిక్కు. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు చెడ్డ కన్ను లోటును మంచి కన్ను కప్పేస్తుంది. పక్క సీటు ఆయన పని మనం చేసిపెడుతూ ఉంటే ఆఫీసరుకు తెలియదు చూడండి, అలాగ. నాకు తెలియడం ఎలాగంటే, ఒకరోజు కుడి కంట్లో నలక పడి అది మూసుకుని పాసుపుస్తకం చూస్తున్నాను. నిలువు గీతలు నడుమ వంకరపోయి కనిపించాయి. రిజిస్టర్లలో గీతలు చూసి చూసి ముసలివాణ్ణయినవాణ్ణి, గీత వంగితే ఊరుకుంటానా? ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకున్నాను.

దీనికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. స్విట్జర్లాండు కంటి వైద్యుడు ఆమ్‌స్లర్ పేరున గళ్ల కాగితం ఒకటి దొరుకుతుంది. చదువుకునే కళ్లజోడు పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో నడిమి చుక్కనే చూడాలి. తరువాత కన్ను మార్చాలి. గీతలు వంగినా, కొన్ని గళ్లు మాయమైనా ఇక వాయిదా వేయకూడదు.

మన నాన్నల కాలంలో దీనికి వైద్యమే లేదు. తరువాత లేజరు వచ్చింది గాని, కాల్చినచోట మచ్చ పడేది. రక్తనాళాలను పెరగమని పురమాయించే ప్రొటీను ఒకటి మన ఒంట్లోనే ఉంది. దాన్ని 1989లో ఫెరారా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అమెరికాలో గుర్తించారు. దాన్ని అడ్డుకునే రానిబిజుమాబ్ అనే మందుకు 2006లో ఆ దేశంలో అనుమతి వచ్చింది. ఖరీదెక్కువ. పేగు క్యాన్సరుకు 2004లో వచ్చిన అవాస్టిన్ కూడా ఇదే పని చేస్తుందని డాక్టర్లు దాన్ని చిన్న మోతాదుల్లో కంటికి వాడసాగారు. రెండింటినీ పోల్చిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. ఏడాది తరువాత చూపు విషయంలో రెండూ సమానంగా తేలాయి. అయితే ఒక సీసాను అనేక సిరంజీలుగా పంచాలి గనుక ఆ పంపకంలో శుభ్రత ముఖ్యం. 2015 నుంచి రానిబిజుమాబ్‌కు దీటైన మందు మన దేశంలోనూ తయారవుతోంది. ఏ మందు వేస్తున్నారు, ధరెంత అని అడగడానికి మొహమాటపడకండి.

అందరూ అడిగేది నొప్పి సంగతి. చుక్కలు వేసి కన్ను మొద్దుబారేలా చేస్తారు. అయోడిన్ మందుతో కడుగుతారు, అది కాస్త మండుతుంది. రెప్పలు మూయకుండా చిన్న క్లిప్పు పెడతారు. "తాతగారూ, పైకి చూడండి" అంటుంది డాక్టరమ్మ. నల్లగుడ్డుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరాన, తెల్లగుడ్డులోంచి సన్నని సూది వెళుతుంది. మందు ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. కాస్త ఒత్తినట్టు ఉంటుంది, అంతే. ఇంటికొచ్చాక కన్ను నలపకూడదు. తరువాతి రోజుల్లో నొప్పి పెరిగినా, ఎర్రబడినా, చూపు మసకేసినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి. లోపల చీము పట్టడం వేలల్లో ఒకరికి జరిగేదే గాని, జరిగితే గంటలు లెక్క.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ మందు జబ్బును నయం చేయదు, ఆపి ఉంచుతుంది. దాని బలం కొన్ని వారాలే. మొదట నెలకొకటి చొప్పున మూడు వేస్తారు. తరువాత స్కాను తీసి, తడి లేకపోతే గడువును కొద్దికొద్దిగా పెంచుతారు. నాకిప్పుడు పది వారాలు.

మా ఆఫీసులో నా పక్క సీటులో పనిచేసిన మిత్రుడొకాయన ఉన్నారు. పేరు వద్దన్నారు, సంగతి మాత్రం చెప్పమన్నారు. మూడు ఇంజెక్షన్లతో ఆయన మళ్లీ దినపత్రిక చదివారు. నాలుగోదానికి వెళ్లలేదు. డబ్బు లేక కాదు. కొడుక్కి హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం, ప్రతిసారీ సెలవు పెట్టి రమ్మనడానికి ఆయనకు మనసొప్పలేదు. "బాగానే ఉందిరా నాన్నా, అక్కర్లేదన్నారు" అని ఫోనులో చెప్పేశారట. ఐదో నెలలో ఆ కంట్లో రక్తం కారింది. ఇప్పుడాయన నన్ను గొంతు విని గుర్తుపడతారు. కొడుకు వచ్చి నా దగ్గర కూర్చుని, "బాబాయిగారూ, నాతో ఒక్క మాట అనలేదండీ" అని ఏడ్చాడు.

అందుకే ఈ సభకు వచ్చిన పిల్లలకు చెబుతున్నాను. మీ నాన్నగారు అక్కర్లేదంటే నమ్మకండి, డాక్టరు చీటీ మీరే చూడండి. తేదీ మీ ఫోనులో పెట్టుకోండి. తోడు రావడానికి మీకు వీలుకాకపోతే మన సంఘంలో కాళ్లు బాగున్నవాళ్లం కొందరం ఉన్నాం. నాకు రెండుసార్లు మన కోశాధికారిగారే తోడొచ్చారు, కాఫీ డబ్బులు కూడా తీసుకోలేదు.

బిల్లుల గురించి రెండు మాటలు. నా క్లెయిము ఒకటి "ఇన్‌పేషెంటు కాదు" అన్న అభ్యంతరంతో తిరిగొచ్చింది. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. ఆపరేషను థియేటరులోనే చేశారని డాక్టరు చేత రాయించి మళ్లీ పంపాను. రెండు రిమైండర్ల తరువాత మంజూరైంది. ఉత్తర్వులు మారుతుంటాయి, చేయించుకోకముందే కనుక్కోండి. మందు పెట్టె మీది బ్యాచి నంబరు చీటీ పారేయకుండా రసీదుకు జతచేయండి.

పొడి రకానికి ఈ ఇంజెక్షను పనిచేయదు. మధ్య దశలో ఉన్నవారికి కొన్ని విటమిన్లు, జింకు కలిసిన మాత్రలు ఇస్తారు. డాక్టరు చెబితేనే వాడండి. చుట్టలు, సిగరెట్లు మాత్రం ఈ జబ్బుకు స్వయంగా ఆహ్వానపత్రిక రాయడమే. వెనుక వరుసలో నవ్వుతున్నవారు ఎవరో నాకు తెలుసు.

మా ఆవిడ తలుపు దగ్గర బల్ల మీద గళ్ల కాగితాలు పెట్టుకుని కూర్చుంది. భోజనాలకు లేచేముందు తలా ఒకటి తీసుకుని, అక్కడే ఒక్కొక్క కన్నూ మూసి చూసుకోండి. గీత వంగినవారు నాకు చెప్పండి, ఎల్లుండి నేను నా వంతుకు ఆసుపత్రికి వెళుతున్నాను, కలిసే వెళదాం.