గుంటూరు గ్రహణము – పసుపుపచ్చని గీత



1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునుండి సూర్యజ్వాలల కాంతిని రంగుల వర్ణపటముగా విడదీసి చూచెను. ఆ గ్రహణమున గోచరించిన పసుపుపచ్చని గీత సోడియముదేయని పలువురు తలచిరి. అక్టోబరులో ఇంగ్లండున లాకియర్ కొలువగా చోటు తప్పెను. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. సోడియపు జంటగీతలు 589.0, 589.6 నానోమీటర్లకడ నుండగా, ఇది 587.6కడ నున్నది. ఆ స్వల్పభేదమే హీలియమను మూలకమును పట్టియిచ్చెను. 1895లో రామ్సే దానిని భూమిపైనను కనుగొనెను.

నేడీ కొలతను కంప్యూటరుతో చేయుచున్నారు. సరిహద్దు రాతినుండి గొలుసు పట్టినట్లు, తెలిసిన గీతలనుండి తెలియని గీత స్థానమును అది నిర్ణయించును. ఆ ప్రోగ్రాములును, నక్షత్రముల వర్ణపటములును ఉచితముగానే లభించుచున్నవి. ఆనాడు గ్రహణము మన సీమది, పరికరము పరులది. తాటిపాక గ్రంథాలయమున చదువుకొను బాలబాలికలు ఇక చూచుటతో తృప్తిపడక, కొలుచుటయు నేర్తురుగాక!