కాగిన ఇంజను – కారణాన్వేషణము



ఈ కొండసీమకు మోటారు కారు కొత్తది కాదు. తిరుమల మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరువబడినది. 1974లో రెండవ దారి ఏర్పడిన పిమ్మట పాతదారి దిగుటకును, కొత్తదారి ఎక్కుటకును వినియోగింపబడుచున్నవి. కాలినడకనో డోలీలలోనో కొండనెక్కినవారి బిడ్డలు మోటారులో ఎక్కిరి. సుఖము పెరిగినది, దానివెంట ఒక భయమును వచ్చినది. ఎక్కుడు నడుమ బానెట్టు సందులనుండి తెల్లని ఆవిరి లేచినచో ఏమి చేయవలెనన్నదే ఆ భయము.

చిత్తూరునుండి పలమనేరు పోవుదారిలో మొగిలి ఘాటు కలదు. ఆ దారి గ్రామమొకదానిలో ఒక గృహస్థునకు తండ్రినాటి అంబాసిడరు కారుండెను. హిందుస్థాన్ మోటార్సువారు 1957 మొదలు 2014 వరకు తయారుచేసిన జాతి అది. దానిని పెండ్లిండ్లకు, మొక్కుబడులకు బాడుగకు త్రిప్పి అతడు సంసారమీదుచుండెను. ఒక వేసవిలో అది ఘాటు ఎక్కినపుడెల్ల కాగసాగెను. ఊరిలో తిరుగునపుడు చల్లగానే యుండును. ఎక్కుడు తగులగానే సూది పైకి లేచును. రేడియేటరు మార్చుమని ఒకరనిరి, మార్చెను. నీటిపంపు చెడినదని మరియొకరనిరి, అదియు మార్చెను. అప్పు పెరిగినది గాని కాక తగ్గలేదు. తుదకు తండ్రి కారును పాత ఇనుము వర్తకునకు బేరమాడి బయానా పుచ్చుకొనెను.

జ్వరము రోగము కాదు, రోగమునకు గుర్తు. ఇంజను కాగుటయు నట్టిదే. గుర్తునుబట్టి మూలమును వెదకక మందులు మార్చుచు పోవువాడు ధనమును పోగొట్టుకొనును, రోగిని పోగొట్టుకొనును.

పెట్రోలు మండినపుడు పుట్టు వేడిలో చక్రములను త్రిప్పునది సుమారు నాల్గవ వంతు మాత్రమే. మిగిలినదానిలో కొంత పొగగొట్టము గుండ వెడలిపోవును. కొంత నీరు మోసికొనిపోయి రేడియేటరులో గాలికి అప్పగింపవలెను. వేడికిని జమాఖర్చు కలదు. జమ పెరిగినను, ఖర్చు తగ్గినను నిలువ పెరుగును. ఆ నిలువయే కాక.

కావున మొట్టమొదట అడుగవలసినది, "ఏది చెడినది?" అని కాదు, "ఎప్పుడు కాగుచున్నది?" అని. నిలిచియున్నపుడును మెల్లగా పోవునపుడును కాగి, వేగమున చల్లబడినచో గాలి చాలుట లేదు. ఫ్యానును, దాని బెల్టును చూడవలెను. వేగము హెచ్చిన కొలది, ఎక్కుడు పెరిగిన కొలది కాగినచో నీటి ప్రవాహము చాలుట లేదు. రేడియేటరు పూడికను, గొట్టములను చూడవలెను. బయలుదేరిన కొద్దిసేపటికే కాగి, నీటిలో బుడగలు విడువక లేచుచున్నచో హెడ్డు గాస్కెట్టు చెడి మంటవాయువు నీటిలో చొరబడుచున్నదని అనుమానింపవలెను. ఇంజను నూనె మజ్జిగవలె తెల్లబారినచో ఆ అనుమానము బలపడును.

మరికొన్ని గుర్తులు కలవు. పాత అంబాసిడరులో ఫ్యానును, నీటిపంపును, డైనమోను ఒకే బెల్టు త్రిప్పును. కాకతోపాటు చార్జింగు ఎర్రదీపమును వెలిగినచో బెల్టు తెగినదేమోనని తక్షణమే ఆగి చూడవలెను. ఇంజను కాగుచుండగా రేడియేటరు పైగొట్టము చల్లగానే యున్నచో థర్మోస్టాటు తెరచుకొనుట లేదన్నమాట. రేడియేటరు ముఖమున అక్కడక్కడ చల్లని తావులున్నచో లోపల పూడినది. మన ప్రాంతమున పలుచోట్ల బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట గృహిణులెరిగినదే. ఆ పొరయే ఇంజను కడుపులోను కట్టి వేడిని బయటికి పోనీయదు. అందువలన శుద్ధజలమును, తగిన కూలెంటును పోయవలెను. నిప్పురవ్వ ఆలస్యముగా పుట్టుట, పెట్రోలు పాలు తగ్గుట, బ్రేకు చక్రమును పట్టుకొనియుండుట – ఇవి జమవైపు దోషములు. నీటిని మాత్రమే వెదకువానికి ఇవి దొరకవు.

ఎత్తునకు సంబంధించిన విషయ మొకటి కలదు. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడున మరుగును. ప్రతి 300 మీటర్ల ఎత్తునకు సుమారొక డిగ్రీ తగ్గును. దాదాపు 980 మీటర్ల ఎత్తున్న తిరుమలలో తెరచిన పాత్రలోని నీరు ఇంచుమించు 97 డిగ్రీలకే మరుగును. రేడియేటరు మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని నిలిపి ఈ హద్దును పెంచును. స్ప్రింగు వదులైన చిన్న మూతవలన పెద్ద యింజను కాగిపోవుట కలదు. ఈ ఒత్తిడివలననే, కాగిన ఇంజను మూతను తువాలుతో పట్టియైనను తీయరాదు. ఒత్తిడి విడివడిన మరుక్షణమున నీరు ఆవిరియై ఎగజిమ్మి మొగమును, చేతులను కాల్చును. బండిని ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, అరగంటకు తక్కువ కాకుండ ఓపికపట్టవలెను. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో పోత ఇనుము పగులవచ్చును. తిరునాళ్ళ తొందర అచట పనికిరాదు.

ఇక ఆ గృహస్థుని కథ. బండి నప్పగింపవలసిన ముందునాడు, బంధువగు ఒక వృద్ధ మెకానిక్కు ఏదో పనిమీద ఆ యింటికి వచ్చెను. "ఎప్పుడు కాగుతా ఉండాది నాయనా? నిలబడినప్పుడా, ఎక్కేటప్పుడా?" అని యడిగెను. "ఎక్కేటప్పుడే మామా" అని యితడనెను. వృద్ధుడు బానెట్టెత్తి, ఇంజనును వేగముగా త్రిప్పించి, వంగి చూచుచుండెను. రేడియేటరు అడుగునుండి పంపునకు పోవు క్రిందిగొట్టము, పంపు పీల్చుటకు తాళలేక, నోటితో పీల్చిన తాటిముంజవలె చప్పిడియై పోయెను. వేగము తగ్గింపగానే మరల ఉబ్బి గుండ్రనయ్యెను. ఏండ్ల వేడికి రబ్బరు మెత్తబడి బలము పోయినది. ఇంతకుమున్ను పరీక్షించినవారందరు ఇంజను నాపి చూచిరి. ఆగినపుడు ఆ గొట్టము నిర్దోషియే! కొత్తగొట్టము వేసిరి. మరునాడు మొగిలి ఘాటు ఎక్కి దిగినను సూది కదలలేదు. బయానా తిరిగి వర్తకునికి చేరెను. కారు ఇంటనే నిలిచెను.

భారతమున అరణ్యపర్వమునందు నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథమును తోలిన కథ అందరెరిగినదే. రాజు తాండ్రచెట్టు కాయలను, ఆకులను చూపుమాత్రముననే లెక్కించి చెప్పెను. విదర్భకు పోవ తొందరయున్నను నలుడు రథము నాపి, చెట్టును కూల్చి, లెక్కించి చూచిన తరువాతనే నమ్మెను. చెప్పినవాడు రాజైనను లెక్కను సరిచూచుకొనుట సారథి ధర్మమని ఆ కథ చెప్పుచున్నది. రేడియేటరని ఒకరు, పంపని ఒకరు చెప్పినపుడు ఆ గృహస్థునకు లోపించినది ఈ ధర్మమొక్కటే.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారికి నేర్పుచున్నదియు నిదియే: విన్నదానిని నమ్మకముందు విప్పి చూచుకొనుట. పురాణముల ప్రక్కన మోటారు మరమ్మతు పుస్తకమొకటి బీరువాలో నుండుట పురాణములకు తక్కువ కాదు. ఆ పుస్తకము తెరచినందువలన ఒక్క యింటి కారు పాత ఇనుముగా పోక నిలిచినను, ఒక్క పసివాని మొగము ఆవిరికి కాలక తప్పినను, ఆ బీరువాకు చందా యిచ్చిన ప్రతి ఒక్కరి పైకము సద్వినియోగమైనట్లే.